మా ఆయనా, ఆయన రెండు లెన్సులూ

మా ఆయన పెళ్ళిచూపుల్లో నన్ను పావుగంట చూసి ఒప్పేసుకున్నారు. కెమెరాని మాత్రం ఐదు వారాలు చూశారు. మనిషి విషయంలో ఎలా ఉన్నా యంత్రం విషయంలో తొందరపడకూడదని ఆయన సిద్ధాంతం కాబోలు.

అది రెండువేల ఐదో, ఆరో. అప్పుడు మేం తాడేపల్లిగూడెంలో ఉండేవాళ్ళం. ఆ కెమెరా అవసరం వచ్చింది మా అమ్మ వల్ల. కొల్లేటి ఒడ్డున మా ఊళ్ళో అమ్మ పాట లేకుండా ప్రార్థన కూటం ముగిసేది కాదు. అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసేయాలి, ఐదు వారాల్లో ఆపరేషన్ అన్నారు డాక్టర్లు. ఆ తరవాత మాటే ఉండదు, ఇంక పాటెక్కడ?

"వెళ్ళేముందు ఒక్క కీర్తన వీడియో తీయించవే. నీ కూతురు పెద్దయ్యాక అమ్మమ్మ ఎలా పాడేదో వింటుంది" అంది అమ్మ. ఆవిడ నన్ను నోరు తెరిచి అడిగింది జన్మకి అదొక్కటే.

మా అక్క భర్తకి భీమవరం దగ్గర చేపల చెరువులున్నాయి, ఇంట్లో హ్యాండీకామ్ ఉంది. "నేను పట్టుకొస్తాలేమ్మా" అన్నారు బావగారు ఫోన్లో. వేరే ఇళ్ళలో అయితే కథ అక్కడితో అయిపోయేది. కానీ తోడల్లుళ్ళ సంగతి తెలియనిదెవరికి? ఒకరి ఇంట్లో ఫ్రిజ్ కొంటే రెండోవారి ఇంట్లో పాత ఫ్రిజ్‌కి ఆ రోజే రోగం వస్తుంది. మా ఆయన ఫోన్ లాక్కుని, "మీకెందుకండీ అన్నయ్యగారూ శ్రమ! మేం కొంటున్నామండీ, పెద్దదే" అన్నారు. ఆ 'పెద్దదే' దగ్గరే మా కొంప మునిగింది.

ఇక ఆ ఐదు వారాలూ మా ఇల్లు ఇల్లు కాదు. ఆఫీసు నుంచి రావడం, టీ తాగడం, నెట్ సెంటర్‌కి పరుగెత్తడం. రాగానే మెగాపిక్సెళ్ళనీ, అపర్చరనీ నాకు పాఠాలు. ఆ ధ్యాసలో కూరలో ఉప్పు తగ్గినా ఆయనకి తెలిసేది కాదు, నాకు దక్కిన లాభం అదొక్కటే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కెమెరా కొనకముందే దాని సంచీ కొనుక్కొచ్చారు. వారానికో కంపెనీ నచ్చేది, పై వారానికి అది పనికిరానిదైపోయేది.

ఆఖరికి ఆపరేషన్ నాలుగు రోజులుందనగా ఏలూరు వెళ్ళాం. కొట్టాయన పాపం మంచివాడు. మా అవసరం విని ఒక చిన్న వెండిరంగు కెమెరా ముందు పెట్టాడు. "ఇది తీసుకోండి సార్. ఫొటోలూ వస్తాయండి, వీడియో కూడా వస్తుందండి" అన్నాడు. మా ఆయన దాన్ని అగ్గిపెట్టెలా అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టేశారు.

"కొంచెం పెద్దవి చూపించండి."

అప్పుడు బయటికొచ్చింది నల్లటి మహారాజు. దానికి రెండు లెన్సులు. "చిన్న లెన్సు ఇంట్లోకండి. పెద్దది దూరానికండి. కొల్లేట్లో గూడబాతు కనుగుడ్డు కూడా పట్టేస్తుందండి." మా అమ్మ గూడబాతు కాదనీ, మంచం మీద కదలకుండా కూర్చునే మనిషనీ ఎవరికీ గుర్తు లేదు.

"ఏవండీ, దీన్లో వీడియో వస్తుందేమో అడగండి" అన్నాను మెల్లిగా.

"ఊరుకో. అంత చిన్నదాంట్లో వచ్చేది ఇంతదాంట్లో రాదా? అడిగితే మనకేమీ తెలీదనుకుంటాడు."

నేనూ ఊరుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ అది న్యాయంగానే తోచింది.

ఆపరేషన్ కోసం విజయవాడ బయల్దేరే రోజు పొద్దున్నే అందరం అమ్మ దగ్గర చేరాం. అమ్మ గంజిపెట్టిన తెల్లచీర కట్టుకుని మంచం మీద కూర్చుంది. బావగారు ఉత్త చేతులతో వచ్చారు, వద్దన్నాం కదా మరి. ఆయన కళ్ళబడాలని మా ఆయన ముందు పెద్ద లెన్సే తగిలించారు. ఆ గదిలో దాన్నిండా అమ్మ ముక్కు ఒక్కటే పట్టింది. ఆయన గుమ్మందాకా వెనక్కి వెళ్ళారు, అరుగు దిగారు, గడ్డిమేటుకి వీపు ఆనింది. ఇంకో నాలుగడుగులు వేస్తే కొల్లేట్లో తేలేవారు. చివరికి లోపలికొచ్చి చిన్నది తగిలించి, "ఊఁ, పాడండి అత్తయ్యగారూ" అన్నారు.

అమ్మ పాడింది. గొంతు బొంగురుపోయింది గానీ రాగం చెక్కు చెదరలేదు. మా ఆయన కెమెరా మీది చక్రం తిప్పుతున్నారు. దాని మీద పరుగెత్తే మనిషి బొమ్మ ఉంది, కొండ ఉంది, పువ్వు ఉంది. వాటి చుట్టూ మళ్ళీ మళ్ళీ తిప్పారు. మధ్యమధ్య టిక్కు టిక్కుమని చప్పుడు. నేను అమ్మ పక్కనే కూర్చుని ఏడుస్తున్నాను.

పాట అయ్యాక అమ్మ ఆయాసపడుతూ, "పడిందా బాబూ?" అని అడిగింది.

"పడిందండీ" అన్నారు ఆయన, తల ఎత్తకుండానే. ఈయనకీ ఏడుపొచ్చింది కాబోలు అనుకున్నాను.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు ఆసుపత్రి వరండాలో నాకు చెప్పారు, ఆ కెమెరాలో అసలు వీడియోనే లేదని. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ రెండు లెన్సులూ మెళ్ళో వేసుకుని మీ అన్నయ్యగారి ఊళ్ళో ఊరేగండి" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయదగ్గవి కావు. ఫొటోలు నలభై దాకా ఉన్నాయి. చాలా బాగా వచ్చాయండీ, ఎంత బాగా అంటే అన్నింట్లోనూ అమ్మ తెరిచిన నోరూ, పళ్ళూ, ఉబ్బిన మెడనరమూ లెక్కపెట్టుకోవచ్చు.

మర్నాడు అమ్మ చేత్తో సైగ చేసింది, పాట చూపించమని. మెడలో గొట్టం. నేను చెప్పలేక గోడవైపు తిరిగాను. మా ఆయనే మంచం దగ్గరికెళ్ళి, "పడలేదండీ అత్తయ్యగారూ. ఆ రోజు అబద్ధం చెప్పాను" అని పసిపిల్లాడిలా ఏడ్చేశారు.

అమ్మ ఆయన్ని కాసేపు చూసింది. తరవాత తలగడ పక్కనున్న పలక తీసుకుని రాసి చూపించింది: "ఏడవకండి బాబూ. ఆ రోజు రెండో చరణం మర్చిపోయి మొదటిదే మళ్ళీ పాడేశాను. పడకపోవడమే మంచిదైంది, నా పరువు దక్కింది."

ఆయన రెండుసార్లు చదివి, కళ్ళు తుడుచుకుని, "నిజంగానా అండీ?" అని కాస్త నవ్వారు. నమ్మేశారు. ఈనాటికీ నమ్ముతూనే ఉన్నారు.

ఆ రోజు నేను అమ్మ పక్కనే కూర్చుని విన్నాను. నాలుగు చరణాలూ పాడింది. ఒక్క మాట కూడా తప్పలేదు.