ఎడమవైపు రావాల్సిన గిటార్

ఆ ఆదివారం ఉదయం పాట మొదలైంది గానీ గిటార్ రాలేదు. ఇరవై ఏళ్లుగా వింటున్న ఆల్బమ్ అది. రెండో పాటలో ముందు ఎడమ చెవిలో గిటార్ ఒక్కటే వస్తుంది, తర్వాత కుడివైపు డ్రమ్స్ అందుకుంటాయి. ఆ రోజు ఎడమవైపు దూది కుక్కినట్టుంది. లోపలెక్కడో సన్నటి ఈల మాత్రం వినిపిస్తోంది.

మాది విజయనగరం దగ్గర. ఆర్మీ సిగ్నల్స్‌లో సుబేదార్‌ని, ఢిల్లీ కంటోన్మెంట్‌లో క్వార్టర్. షిల్లాంగ్ పోస్టింగ్‌లో ఒక సీనియర్ ఈ పాత ఇంగ్లిష్ రాక్ బ్యాండ్‌ని అలవాటు చేశారు. క్యాసెట్లు అరిగాయి, ఎంపీత్రీలు విసుగెత్తించాయి. చివరికి వాళ్ల ఆల్బమ్‌లన్నీ లాస్‌లెస్‌లో సంపాదించాను. అంటే రికార్డింగ్‌లో ఏ ధ్వనినీ కోసెయ్యని ఫైళ్లన్నమాట. తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా తెలుస్తుంది. వాటి కోసమే మంచి హెడ్‌ఫోన్స్ కొన్నాను.

మా ట్రేడ్‌లో ఫాల్ట్ వెతకడానికి ఒక వరస ఉంది. ముందు వైరు, తర్వాత సెట్టు, చిట్టచివర మనిషి. నేనూ అదే పట్టాను. కేబుల్ మార్చాను. ఫైళ్లు మళ్లీ దింపుకున్నాను. పాత రికార్డింగ్‌ని శుద్ధి చేసి వదిలిన కొత్త రీమాస్టర్‌లో ఎడమ ఛానల్ పాడుచేశారని వాట్సాప్ గ్రూపులో నాలుగు పేరాలు తిట్టాను. ఆఫీసులో ఫోను కుడి చెవికే పెట్టుకుంటున్న సంగతి మాత్రం పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే, మనిషి వంతు రాకుండా చూసుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నవాడు ఒక్క మద్దెలనే అన్నాడు, నేను ఇంట్లో ఉన్నవన్నీ అన్నాను.

తొమ్మిదో రోజు మా ఆవిడ పద్మ విసిగిపోయి హెడ్‌ఫోన్స్ లాక్కుంది. ఆ పాటల్ని గోల అనే మనిషి.

"నాకు రెండు పక్కలా బాగానే ఇనిపిస్తందండి. మీరు అది తిప్పి పెట్టుకోండి ఒకపాలి."

తిప్పి పెట్టుకున్నాను. గిటార్ కుడి చెవిలో శుభ్రంగా మోగింది. ఎడమకు వచ్చిన డ్రమ్స్ మాయమయ్యాయి. కొత్త రిక్రూట్లకు నేనే నేర్పే పరీక్ష అది. హెడ్‌ఫోన్స్ తిప్పినా ఫాల్ట్ తిరగలేదు, నా ఎడమ చెవిలోనే ఉండిపోయింది.

మర్నాడు ఆర్మీ ఆస్పత్రిలో ఈఎన్‌టీ ఓపీడీకి వెళ్లాను. ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేశారు. డాక్టర్ ఒక మేజర్ మేడమ్. గ్రాఫ్ చూసి "కబ్ సే?" అన్నారు.

"పది రోజులు, మేడమ్."

"ఇత్‌నే దిన్ క్యా కర్ రహే థే, సాబ్?"

ఇన్ని రోజులూ ఏం చేశానంటే, కేబుల్ మార్చాను. సడెన్ సెన్సరీన్యూరల్ హియరింగ్ లాస్ అన్నారు, అంటే లోపలి చెవి దెబ్బతిని ఉన్నట్టుండి వినికిడి పోవడం. ఆ ఈల పేరు టినిటస్. ఇది ఎమర్జెన్సీ అని, మొదటి రోజుల్లోనే స్టెరాయిడ్ పడితే ఛాన్స్ ఎక్కువని, ఇప్పుడు ఇస్తాం గానీ గ్యారంటీ లేదని విడమరిచి చెప్పారు.

మాత్రలు మింగాను. షుగర్ పెరిగింది, నిద్ర కరువైంది, పద్మ మీద ఊరికే అరిచాను. ఎంఆర్‌ఐలో గడ్డలేమీ లేవన్నారు. రెండు వారాలకు గ్రాఫ్ కాస్త లేచింది. ఆశపడ్డాను. తర్వాత కర్ణభేరి గుండా ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. రెండోదానికి గది గిర్రున తిరిగి వాంతి చేసుకున్నాను. నాలుగోది అయ్యాక కూడా గ్రాఫ్ ఉన్నచోటే ఉంది.

"ఇక ఇంతే అనుకోవాలి, సాబ్," అన్నారు మేడమ్ మెల్లగా.

"మొదటి రోజే వచ్చి ఉంటే?"

"చెప్పలేం. తగ్గి ఉండేదేమో."

ఆ 'ఏమో' నన్ను తినేస్తోంది. పార్కింగ్‌లో స్కూటర్ పక్కన నిలబడి ఏడ్చాను. పది రోజులు చేతులారా పారేసుకున్నానన్న బాధ ఇప్పటికీ తగ్గలేదు.

ఏడాది దాటింది. ఎడమ చెవిలో బరువైన ధ్వనులు కొన్ని వస్తాయి, సన్నవి రావు. ఈల పోలేదు. అటునుంచి వచ్చే బళ్ల చప్పుడు నాకు తెలియదని రోడ్డు మీద పద్మ నాకు ఎడమవైపు నడుస్తుంది. పాటలకు ఫోన్‌లో రెండు పక్కల ధ్వనినీ కలిపేసే మోనో ఆడియో పెట్టుకుంటే అన్నీ కుడి చెవికే చేరతాయి, అందరూ ఒకే బెంచీ మీద ఇరుక్కుని వాయిస్తున్నట్టు. ఆ రెండో పాటకు మాత్రం మోనో తీసేసి హెడ్‌ఫోన్స్ తిప్పి పెట్టుకుంటాను. గిటార్ వస్తుంది. డ్రమ్స్ ఎక్కడ అందుకోవాలో నాకు తెలుసు కాబట్టి అక్కడ వేళ్లతో బల్ల మీద కొట్టుకుంటాను.

మీకు ఒక చెవిలో ధ్వని తగ్గిందనిపిస్తే హెడ్‌ఫోన్స్ తిప్పి పెట్టుకుని చూడండి. లోపం అదే చెవిలో ఉండిపోతే ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి. వైరు సంగతి మర్నాడు చూసుకోవచ్చు.