దొంగిలించని యాటకు నా సాక్ష్యం

మేకను దొంగిలించి దొరికిపోయిన వాళ్లు మా వైపు చాలామందే ఉంటారు. దొంగిలించకుండా దొరికిపోయిన వాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. నన్ను పోలీసులు పట్టుకోలేదు, ఊరివాళ్లు తరమలేదు. నేనే నడిచి వెళ్లి, చాప మీద కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగి, నా నోటితో నేనే చెప్పి ఇరుక్కున్నాను. మీరు నవ్వినా నవ్వకపోయినా ఇది చెప్పక తప్పదు. మా అమ్మ ప్రతి క్రిస్మస్‌కీ నలుగురిలో ఎలాగూ చెబుతుంది. ఆవిడ చెప్పేకంటే నేను చెబితే నా పరువు కొంచెమైనా మిగులుతుంది.

అప్పుడు నేను జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నాను. మా ఊరు కోరుట్లకు దగ్గర. మా చర్చి కుర్రాళ్లందరినీ పాస్టరుగారు కూర్చోబెట్టి, మన విశ్వాసాన్ని పదిమందితో ఎలా పంచుకోవాలో పాఠాలు చెప్పారు. మంచి పాఠాలే. ఎవరితోనూ వాదించవద్దు, ఎవరి దేవుణ్ణీ తక్కువ చేయవద్దు, ముందు ఎదుటివాళ్లు చెప్పేది వినాలి, తెలిసినవాళ్లతో మొదలుపెట్టాలి. అన్నిటికంటే ముఖ్యంగా సొంత సాక్ష్యం చెప్పాలి. ఒకప్పుడు ఎలా ఉండేవాళ్లమో, ఎలా మారామో, ఇప్పుడు ఎలా ఉన్నామో చెప్పాలి.

నా చిక్కంతా ఆ ‘ఒకప్పుడు’ దగ్గరే వచ్చింది. నాకు ఒకప్పుడు అనేదే లేదు. పుట్టిందే చర్చికి వెళ్లే ఇంట్లో. ఎంత గాలించినా నా ఖాతాలో రెండు పాపాలే దొరికాయి. ప్రార్థనలో కళ్లు తెరిచి, ఇంకా ఎవరెవరు తెరిచారో చూడటం ఒకటి. కానుకల సంచిలో పిడికిలి పెట్టి ఏమీ వేయకుండా తీయడం రెండోది. ఈ సరుకుతో ఎవరి గుండె కరుగుతుంది, మీరే చెప్పండి.

మా ఏసోబు మామ సంగతి అలా కాదు. అమ్మకు తమ్ముడు, సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తాడు. ఒకప్పుడు అక్కను చూసిపోతానన్న వంకతో మా ఊరొచ్చి, కల్లు దిగేదాకా కదిలేవాడు కాదట. ఆయన చర్చిలో లేచి, “నేను తాగని కల్లు లేదు, ఆడని పేక లేదు,” అని మొదలుపెట్టాడంటే ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకునేవారు. ఆ తరువాత భోజనాల్లో ఆయన విస్తరిలోకి ముక్కలు కూడా ఎక్కువే పడేవి. పాపం చేసినవాడికి ఉన్న మర్యాద చేయనివాడికి లేదే అని నాకు కడుపుమంటగా ఉండేది.

తెలిసినవాళ్లతో మొదలుపెట్టమన్నారు కదా, నేను లచ్చవ్వ పెద్దమ్మను ఎంచుకున్నాను. వాళ్లు గౌడ్లు. మా ఇంటికి నాలుగు గడపల అవతల ఇల్లు. ఆవిడ భర్త మల్లేశం పెద్దబాపు తాటిచెట్టు మీంచి పడి కాలు విరిగినప్పటి నుంచి చెట్టెక్కడం మానేశాడు. పెద్దమ్మ బీడీలు చేసి ఇల్లు నడుపుతోంది. మా అమ్మ కూలికి వెళ్లిన రోజుల్లో నాకు అన్నం పెట్టిన ఇల్లు అది. ఆ ఇంట్లో నా మాటకు ఎదురుండదని నా ధీమా.

నేను వెళ్లేసరికి ఆవిడ ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు చుడుతోంది. వాకిట్లో రెండు మేకలు కట్టేసి ఉన్నాయి. నేను పాఠం తప్పకుండా ముందు ఆవిడ చెప్పేది విన్నాను. కోడలి గురించి విన్నాను, మోకాళ్ల నొప్పి గురించి విన్నాను, మళ్లీ కోడలి గురించి విన్నాను. అప్పుడు మెల్లగా వాక్యంలోని సుంకం వసూలు చేసే ఆయన కథ ఎత్తుకున్నాను. జనాన్ని దోచుకుతిన్న మనిషి, ప్రభువు తన ఇంటికి వచ్చాక మారిపోయి, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నాడో వాళ్లకు నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. పెద్దమ్మకు ఆ కథ బాగా నచ్చింది. నాలుగంతలా అని రెండుసార్లు అడిగి మరీ ఖాయం చేసుకుంది. ఆ ప్రశ్న నా మెడకు తాడని నాకప్పుడు తెలియదు.

తరువాత చెయ్యి ఆపకుండానే ఆవిడ అసలు ప్రశ్న వేసింది.

“గాయన మారిండు, మంచిగనే ఉంది. మరి నువ్వేం మారినవ్ కొడుకా? నిన్ను సంటిపిల్లగానప్పటిసంది సూత్తున్న. అప్పుడు గిట్లనే ఉన్నవ్, ఇప్పుడు గిట్లనే ఉన్నవ్.”

అక్కడే నా బుర్ర చెడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఎవరూ అడగకముందే, గుమ్మడికాయ కూడా లేకుండా, నేను నా భుజాలు తడుముకున్నాను. నీకు తెలియదు పెద్దమ్మా, ఇంటర్ చదివేటప్పుడు నేను చెడ్డ సావాసాలు పట్టానన్నాను. ఆవిడ నమ్మలేదు. కల్లు తాగానన్నాను. ఈ ఊళ్లో అది పాపమెట్లయితదని నవ్వింది. ఇంకా పెద్దది కావాలి. ఎదురుగా మేకలు కనిపించాయి.

“యాటను గూడ ఎత్తుకపోయినం పెద్దమ్మా,” అన్నాను.

మా దగ్గర కోతకు పనికొచ్చే మేకను యాట అంటారు. ఆ మాటతో బీడీ చుట్టే వేళ్లు ఆగిపోయాయి. ఆ వేళ్లు ఆగడం నేను పుట్టాక చూడలేదు. నా సాక్ష్యం గుండెను తాకిందని మురిసిపోయాను.

“ఏం రంగుది?”

“నల్లది.” మేకలన్నీ నల్లవే కదా.

“ఈ ఊళ్లెదేనా?”

“ఈ ఊళ్లెదే.”

“మెడల పసుపు దారం ఉండెనా?”

వివరాలు ఉంటే సాక్ష్యానికి బలమని పాస్టరుగారు చెప్పారు. ఉన్నట్టే ఉంది అన్నాను.

పెద్దమ్మ చాట పక్కన పెట్టి లేచింది. లోపలికి తిరిగి, “ఓ అయ్యా, ఇటు రా. మన ఎల్లమ్మ యాటను ఎత్తుకపోయిన దొంగ దొరికిండు. ఇంట్లనే కూసున్నడు,” అంది.

మల్లేశం పెద్దబాపు కుంటుకుంటూ వచ్చాడు. అప్పుడు తెలిసింది నాకు. కొన్నేళ్ల కింద వాళ్లు ఎల్లమ్మకు మొక్కి ఒక యాటను పెంచారు. పండుగ ముందర అది మాయమైంది. ఆ ఏడే ఆయన చెట్టు మీంచి పడ్డాడు. మొక్కు తీరనందుకే తల్లి కోపగించిందని పెద్దమ్మ ఇన్నేళ్లూ లోలోపల కుమిలిపోతోంది. ఆ మాట చెబుతూ ఏడ్చింది. నాకు చచ్చిపోదామన్నంత సిగ్గేసింది. చిన్నప్పుడు నాకు అన్నం కలిపి పెట్టిన చేతులు అవి.

వెంటనే అంతా ఒప్పేసుకున్నాను. అబద్ధం చెప్పాను, నేను ఏ యాటనూ తాకలేదు, సాక్ష్యం రక్తి కట్టాలని కల్పించాను అని కాళ్లావేళ్లా పడ్డాను. పెద్దబాపు చాలాసేపు నా మొహంలోకి చూశాడు.

“దొంగతనం జేసి చెయ్యలేదన్నోన్ని సూసిన. చెయ్యకుంట చేసిన అన్నోన్ని నా బతుకుల సూడలే. నువ్వు ముందు చెప్పిందే నిజం. ఇప్పుడు భయానికి మాట మారుస్తున్నవ్,” అన్నాడు. ఆగి, “లేకుంటే మీ సాక్ష్యాలన్ని గిట్లనే ఉంటయా?” అని అడిగాడు.

నా అవస్థ చూడండి. అవునంటే మా చర్చి మొత్తం అబద్ధాలకోరు. కాదంటే నేను దొంగ. అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞను సాక్ష్యం చెబుతూనే మీరిన ఘనుణ్ణి. నోరు మూసుకుని దొంగతనానికే ఓటేశాను.

పెద్దమ్మ కళ్లు తుడుచుకుని తీర్పు చెప్పింది. “పోలీసుల దాక వద్దు. నువ్వు చెప్పిన కథల లెక్కనే. నాలుగు యాటలు తెచ్చి కట్టేసి, అప్పుడు ఈ గడప తొక్కు.”

నా ప్రసంగాన్ని అంత శ్రద్ధగా విన్న మనిషి అంతకుముందు లేరు, ఆ తరువాతా లేరు.

ఇంట్లో అమ్మ చీపురు తిరగేసింది. పాస్టరుగారు తల పట్టుకున్నారు. సువార్త చెప్పిరమ్మని పంపితే ఎల్లమ్మకు యాట బాకీపడి వచ్చిన శిష్యుణ్ణి ఏ పాఠంలో పెట్టాలో ఆయనకు తోచలేదు. చివరికి అమ్మ సిరిసిల్లకు ఫోన్ చేసి నా చేతికిచ్చింది. పెద్దమ్మ వాళ్ల నల్ల యాట, మెడలో పసుపు దారం, నా అబద్ధం, అంతా మామకు చెప్పాను. అటునుంచి సాంచాల చప్పుడు తప్ప మాట లేదు. చాలాసేపటికి, “నువ్వేం ఫికర్ జెయ్యకు అల్లుడా. నేనొస్త,” అన్నాడు.

అంగడి రోజున మామ ట్రాలీ ఆటోలో దిగాడు. పక్కన బలిసిన నల్ల యాట, దాని నుదుట తెల్ల చుక్క. మేనల్లుడి మీద ఎంత ప్రేమో అని నాకు కళ్లు చెమర్చాయి. ఇద్దరం దాన్ని తోలుకుని పెద్దమ్మ వాకిట్లోకి వెళ్లాం. మామ తలెత్తకుండా తాడు ఆవిడ చేతికిచ్చాడు.

“ఇది ఒకటి తెచ్చిన అక్కా. తతిమ్మ మూడు ఏటికొకటి ఇస్త. జగిత్యాల అంగడంత తిరిగిన. నొసట సుక్క ఉన్నదైతే దొరికింది గని, ఎడమ చెవు తెగింది యాడ దొరకలే.”

నేను చుక్క గురించి చెప్పలేదు. చెవి గురించి అసలే చెప్పలేదు. నాకు తెలిస్తే కదా.

“చెవు తెగిన సంగతి నీకెవలు చెప్పిన్రు ఏసోబూ?” అంది పెద్దమ్మ.

ఈసారి భుజాలు తడుముకోవడం మామ వంతు. ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు. తాగిన మత్తులో తానే విప్పుకుపోయానని, సావాసగాళ్లతో కలిసి కోసుకుతిన్నానని, చర్చిలో అన్నీ చెప్పాను కానీ ఇది ఒక్కటి నోటికి రాలేదని ఏడ్చాడు. తనవల్లే మల్లేశం బావ చెట్టు మీంచి పడ్డాడని జనం అనుకుంటారేమోనని ఇన్నేళ్లూ ఈ గడప వైపు రాలేదట.

పెద్దబాపు అన్నాడు, “నడుముకు కట్టిన మోకు తెగి పడ్డరా నేను. యాటకేం సంబంధం? మీ అక్క ఎంత చెప్పినా ఇనదు.”

పెద్దమ్మ కాసేపు యాటను చూసింది, కాసేపు మామను చూసింది. తరువాత నా వైపు తిరిగింది.

“ఇగో కొడుకా, సాక్ష్యమంటే గిది. నేర్చుకో.”

మిగతా మూడూ వద్దంది. ఎల్లమ్మకు మొక్కింది ఒక్కటేనట. ఆ మధ్యాహ్నం నాకు ఆ ఇంట్లోనే అన్నం పెట్టింది. గడప మళ్లీ దక్కినందుకు నేను పప్పన్నాన్ని బిర్యానీలా తిన్నాను.

ఆ ఏడు క్రిస్మస్‌కు ఆవిడ మా చర్చికి వచ్చి ముందు వరసలో కూర్చుంది. సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని పాస్టరుగారు అడగ్గానే, ఎవరూ ఆపేలోపే లేచింది. “నేనేం మారలే. నాకు ఎల్లమ్మనే ఉంది. గని మీ ఏసోబు మారిండు, నా కండ్లతోని సూసిన. నా యాట నాకచ్చింది,” అని కూర్చుంది. మా చర్చిలో అంత గట్టిగా స్తోత్రం పలికిన రోజు ఇంకోటి లేదు. భోజనాల్లో ఎక్కువ ముక్కలు ఆవిడ విస్తరిలోనే పడ్డాయి.

కనుక, చదివే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నావి కాని పాపాలు నా నోట రావు. నాకున్న ఆ రెండింటితోనే సరిపెట్టుకుంటాను. ముఖ్యంగా, యాటలు కట్టేసిన వాకిట్లో సువార్త చెప్పను. తప్పనిసరై చెప్పాల్సి వస్తే, ముందు మా మామకు ఫోన్ చేసి, ఆ ఊళ్లో ఏమేం తిన్నాడో కనుక్కుని చెబుతాను.