నలుగుపిండి, నాయనమ్మ ఎడమ చెయ్యి

మొన్న మా కోడలు హారిక, ఫోనులో తెప్పించుకున్న చిన్న గాజు డబ్బా ఒకటి మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. "వాసన చూడండి అత్తయ్యగారూ, స్క్రబ్బు. అంతా నేచురల్," అంది. చూశాను. కచ్చూరాలు, ఎండు గులాబీ రేకులు, కమలా తొక్క, అడుగున ఎక్కడో పెసరపిండి. చీటీ చదవకుండానే వరసపెట్టి చెప్పేసరికి ఆ పిల్ల డబ్బా తిప్పి చూసుకుని నోరు తెరిచింది. "కచ్చూరాలు తక్కువేశాడు, కమలా తొక్క నీడన ఆరబెట్టకుండా ఎండలో మాడబెట్టాడు," అని కూడా అన్నాను. గొప్పకి అన్నానని అనుకోండి, నాకేం సిగ్గు లేదు. నిడదవోలులో మా వీధికీ, చుట్టుపక్కల మరో నాలుగు వీధులకీ నలుగుపిండి చేసిచ్చిన వెంకాయమ్మ గారి మనవరాలిని నేను. ఈ ఒక్క విషయంలో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

మా నాయనమ్మ పిండి చేసేది ఒక్క రోజులో కాదు, ఏడాది పొడుగునా. చలికాలం కమలాపళ్ళ బళ్ళు వచ్చాయంటే మా వీధిలో తొక్క పారేసినవాళ్ళు లేరు. ఎవరింట్లో పండు వలిచినా ఆ తొక్కలు సాయంత్రానికి మా అరుగు మీదున్న చేటలోకి వచ్చి చేరేవి, మేం పిల్లలం మాత్రం వాటిని ఒకరి కళ్ళల్లోకి ఒకరం పిండుకుని, ఏడ్చి, తిట్లు తిన్నాకే చేటలో వేసేవాళ్ళం. కడియం నుంచి రైల్లో పూలు తెచ్చి అమ్మే రత్తమ్మ, పొద్దుపోయాక వాడిపోయిన గులాబీలు కొంగులో కట్టుకొచ్చి మా పెరటి గుమ్మంలో దులిపి, ఆ చేత్తోనే తన చంటిదానికి దోసెడు పిండి పట్టుకెళ్ళేది. వానాకాలం పెరట్లో మరువం, దవనం కోసి దండెం మీద గుడ్డ పరిచి ఆరబెట్టడం, ఎండలు ముదిరాక పెసలు, బియ్యం, పసుపుకొమ్ములు డాబా మీద పోసి చేతికి కాలేదాకా ఎండనివ్వడం, పిచ్చుకల్ని తోలడానికి నన్ను కర్రతో కూచోబెట్టడం, ఇవన్నీ నాకు ఋతువుల పేర్లకన్నా ముందు తెలిసిన సంగతులు. తుంగముస్తెలు, బావంచాలు, కచ్చూరాలు మాత్రం రాజమండ్రిలో మూలికల కొట్టు నుంచి రావలసిందే. వాటికోసం నాయనమ్మ తానే రైలెక్కి వెళ్ళి, ఒక్కో కచ్చూరం ముక్క విరిచి, వాసన చూసి, నచ్చకపోతే, "ఇది పోయినేటిదండీ, నాకొద్దు," అని కొట్టువాడి మొహం మీదే అనేసేది.

దీపావళినాడు తలంటు అంటే మా ఇంట్లో చిన్న యుద్ధం. నువ్వులనూనె పట్టించి వరసగా పీటల మీద కూచోబెట్టి, నాయనమ్మ మోచేతులకీ మెడలకీ పిండి పెట్టి రుద్దుతుంటే నల్లగా వత్తులు వత్తులుగా రాలిపడేది మట్టి. "ఇదేంటే, ఒంటి మీద పొలం దున్నుకుంటున్నావా?" అని వెక్కిరించేది. మా చిన్నాన్న కొడుకైతే ప్రతి ఏడూ గోడ దూకి పారిపోయి, ప్రతి ఏడూ బూరెల వాసనకి తిరిగొచ్చి దొరికిపోయేవాడు. ఆ స్నానమయ్యాక పొగ వాసన, పిండి వాసన కలిసిన కొత్త గౌనులో అరుగు మీద కూచుని వేడి బూరె కొరుక్కుంటే, నా ఒళ్ళు నాకే ముద్దొచ్చేది.

ఆవిడ పిండిలో మూడు రకాలుండేవి. చంటిపిల్లలకి మెత్తనిది, అందులో కచ్చూరాలు, బావంచాలు పడవు. పెళ్ళికూతుళ్ళకి నడిరకం. పొలం పనులు చేసే మగవాళ్ళకి బరకది, దాదాపు రవ్వ. ఏది ఏదో కంటితో చూసి చెప్పేది కాదు. చిటికెడు తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని, బొటనవేలికీ ఉంగరం వేలికీ మధ్య నలిపి, చప్పుడు విని చెప్పేది. అది అయ్యాక అసలు పరీక్ష. పిండిని నీళ్ళతో కలిపి తన ఎడమ ముంజేతి లోపలివైపు రుద్దుకుని, పొయ్యి మీద అన్నం ఉడికేంత సేపు అలాగే ఉంచుకునేది. ఆ చోట చుర్రుమన్నా, ఎర్రబడ్డా పిండి గడప దాటదు. "ఊళ్ళోవాళ్ళ ఒంటికి రాసేది ముందు మన ఒంటికి రాసుకోవాలే," అనేది. అన్నేళ్ళ పరీక్షల వల్ల ఆవిడ ముంజేతి మీద అరచేతి మేర ఒక జాగా, మిగతా చెయ్యంతా ముడతలు పడి, పొయ్యి సెగకి కమిలి ఉన్నా, పసిపిల్ల బుగ్గలా నున్నగా ఉండేది. రాత్రి పడుకునేటప్పుడు నేను అక్కడే చెంప ఆనించుకునేదాన్ని.

నాకు పదో ఏడు వచ్చిన వేసవిలో మా ఎదురింటి రూతమ్మ టీచరు గారి అమ్మాయి సునీతక్కకి పెళ్ళి కుదిరింది. లూథరన్ చర్చిలో పెళ్ళి, ముందురోజు పొద్దున్న ఇంట్లో నలుగు. మా వీధిలో ఎవరు ఏ దేవుడికి దణ్ణం పెట్టుకున్నా నలుగుపిండి మాత్రం నాయనమ్మదే. పెళ్ళి పిండి కుంచెడు కావాలి గనక తిరగలితో పని కాదు, మరకి పంపాలి. నలుగు రేపనగా ఆ పని నాకు అప్పగించింది. అంతకుముందెప్పుడూ నన్ను ఒక్కదాన్నే పంపలేదు. నా ఆనందం చెప్పనలవి కాదు.

"నీ ముందు ఏం ఆడారో చూసుకోవే. బియ్యమైతే పోయించు, పెసలైతే పోయించు. కారమైతే మాత్రం మర ముట్టుకోవద్దు," అని, రెండుసార్లు నాచేత చెప్పించుకుని డబ్బా నా నెత్తిన పెట్టింది. అది ఆవకాయల కాలం. మర ఒక్కటే; పొద్దున్నంతా పిండ్లు ఆడతారు, పదకొండు దాటిందంటే ఊరందరి మిరపకాయలూ దిగుతాయి. తొమ్మిదింటికి బయల్దేరాను. రైలు గేటు పడింది. గూడ్సు కదలదు. గేటు పక్కనే రైల్వే క్వార్టర్ల పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. ఒక్క ఆట అనుకున్నాను. గేటెత్తారు, మళ్ళీ పడింది, మళ్ళీ ఎత్తారు. ఇంకొక్క ఆట, ఇంకొక్కటి. నేను మర దగ్గరికి చేరేసరికి మర నడిపే అప్పారావు గారు మూతికి తువ్వాలు కట్టుకుని ఉన్నారు, లోపల గాలంతా ఎర్రగా ఉంది. చచ్చాన్రా దేవుడా అనుకున్నాను.

"ఇప్పుడే రెండు గంపల కారం దింపాం పాపా. రేప్పొద్దున్న తొలి మర నీదే, రా," అన్నారాయన దగ్గుతూ.

రేప్పొద్దున్నే నలుగు! ఉత్త డబ్బాతో ఇంటికెళ్తే ఆలస్యం ఎందుకైందని అడుగుతారు. నా నోటికి అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. "మా నాయనమ్మ పరవాలేదందండి. కారం పోడానికి గుప్పెడు బియ్యం తిప్పేసి ఆడించెయ్యమందండి," అన్నాను.

"వెంకాయమ్మ గారే అన్నారా?"

"ఆయ్," అన్నాను.

"ఆవిడంటే ఇంకేం," అని గుప్పెడు బియ్యం తిప్పి, మా డబ్బా మర నోట్లో పోశారు.

ఇంట్లో నాయనమ్మ మొదటి మాటే, "నీ ముందు ఏం ఆడారే?" అని. "బియ్యం," అన్నాను. గుప్పెడు తిప్పిన మాట నిజమే కదా, ఇది అబద్ధమెలా అవుతుందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. కచ్చూరాల ఘాటులో కారం వాసన తెలియలేదు. ఆవిడ చెవి దగ్గర నలిపి విని, "బాగా పట్టించావే," అని మెచ్చుకుంది కూడా. ఎసట్లో బియ్యం పడేసి, పిండి కలిపి, ఎడమ చేతికి రుద్దుకుని పొయ్యి ముందు కూచుంది. నేను గుమ్మం పట్టుకుని ఆ చేతినే చూస్తున్నాను. చెప్పేద్దామనుకుంటాను, ఇంకొంచెం ఆగి చూద్దామనుకుంటాను. బియ్యం పొంగు రాకముందే ఆవిడ చెయ్యి దూరంగా చాపి పట్టుకుంది. లేచి గాబు దగ్గరికెళ్ళి కడుక్కుంది. పసిపిల్ల బుగ్గలాంటి ఆ జాగా కుంకం పులిమినట్టు ఎర్రగా పొంగి ఉంది. మజ్జిగ పోసుకుంది, వెన్న రాసుకుంది.

నేనే బావురుమన్నాను. తొక్కుడుబిళ్ళ దగ్గర్నుంచి అంతా చెప్పేశాను. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. "ఇదే ఆ పిల్ల మొహానికి రాసుంటే?" అంది, అంతే.

సరిగ్గా అప్పుడే రూతమ్మ టీచరు గారు గిన్నె పట్టుకుని వచ్చారు. నాయనమ్మ ఎడమ చెయ్యి కొంగులో దాచుకుని, "నా చెయ్యి తప్పింది టీచరమ్మా. పిండి పాడుచేశాను. ఇంకోసారి చేసి సాయంత్రానికి ఇస్తాను," అంది.

"మీ చెయ్యి తప్పడమేంటి పిన్నిగారూ!" అన్నారావిడ. ఆశ్చర్యంగానే అన్నారు, కానీ వెనక్కి వెళ్తుంటే మొహంలో ఏదో అనుమానం. అది నేను చూశాను. వయసు మీద పడింది, ఇక ఈవిడ వల్ల కాదనుకుంటున్నారని నాకు అనిపించింది. దెబ్బలు తిన్నా అంత ఏడుపు వచ్చేది కాదు.

ఆవిడ వెనకాలే పరిగెత్తాను. వాళ్ళ సావిట్లో చుట్టాలందరూ కూచుని పూలు కడుతున్నారు. అందరి ముందూ నిలబడి, "మా నాయనమ్మ చెయ్యి తప్పలేదండీ. కారం వెనకాల ఆడించింది నేనండీ. ఆవిడ చెయ్యి కాలిందండీ," అని ఒక్క గుక్కలో అనేశాను. అందరూ నావైపే చూస్తున్నారు. సునీతక్క మాత్రం, "అయితే నన్ను ఆవకాయ పెట్టేద్దామనుకున్నావే!" అని పకపకా నవ్వి లేచింది. "పెళ్ళికూతురివి, గుమ్మం దాటకూడదే," అని వాళ్ళమ్మ అంటున్నా వినకుండా, "ఎదురిల్లేగా అమ్మా," అని నా చెయ్యి పట్టుకుని మా ఇంటికొచ్చేసింది. రూతమ్మ గారు మా నాయనమ్మ చెయ్యి చూసి, "నాతో చెప్పకూడదా పిన్నిగారూ," అని కళ్ళు తుడుచుకున్నారు.

మా ఇంటికని దాచుకున్న దినుసులన్నీ తీస్తే పెళ్ళికూతురి మట్టుకు సరిపోయాయి. చుట్టాలందరూ శనగపిండితో సరిపెట్టుకోవాల్సి వచ్చింది, పాపం! తిరగలి సావిట్లోకి దింపారు. ఒకవైపు సునీతక్క, ఒకవైపు నేను పిడి పట్టుకుని తిప్పాం. నాయనమ్మ కుడిచేత్తో గుప్పెడు గుప్పెడు పోస్తూ కూచుంది. తన నలుగుపిండి తనే విసురుకున్న పెళ్ళికూతురు మా ఊళ్ళో అంతకుముందు లేదు, తరవాతా లేదు. నాయనమ్మ తిరగలి పాట ఎత్తుకుంది. అది అయ్యాక సునీతక్క మేనత్తలు వాళ్ళ చర్చి పాట ఎత్తుకున్నారు. తిరగలి రెండింటికీ ఒకే తీరున తిరిగింది. నా అరచేతులు బొబ్బలెక్కాయి, అయినా పిడి వదల్లేదు.

దీపాలు పెట్టే వేళకి పిండి జల్లించడం అయ్యింది. నాయనమ్మ చెవి దగ్గర నలిపి విని, తలూపింది. ఆవిడ ఎడమ చెయ్యి పరీక్షకి పనికొచ్చే స్థితిలో లేదు. నావైపు తిరిగి, "ఏదీ పద్దూ, చెయ్యి చాపు," అంది. నా ముంజేతికి పిండి రుద్ది, పొయ్యి మీద అన్నం పడేసింది. నేను చెయ్యి కదపకుండా కూచున్నాను. అన్నం వార్చాక, "ఏమైనా మండుతోందా?" అంది. "లేదు నాయనమ్మా, చల్లగా ఉంది," అన్నాను. "అయితే పట్టుకెళ్ళి ఇచ్చిరా. ఎవరు చూసిచ్చారని అడిగితే నీ పేరు చెప్పు," అంది.

ఆ గిన్నె పట్టుకుని వీధి దాటిన ఆ పది అడుగులు! అంత గర్వం తరవాత ఏ పరీక్ష పాసైనప్పుడూ, ఏ ఉద్యోగం వచ్చినప్పుడూ నాకు కలగలేదు. మర్నాడు పొద్దున్న నలుగయ్యాక సునీతక్క మొహం ఎండలో నిగనిగలాడుతుంటే, వచ్చినవాళ్ళందరికీ, "మా పద్దు చూసిచ్చిన పిండి," అని తనే చెప్పింది. కారం కలిసిన ఆ కుంచెడు పిండిని నాయనమ్మ పారబోయలేదు. ఆ ఏడంతా చీమలబారు కనపడ్డచోటల్లా చల్లింది. చల్లినప్పుడల్లా నావైపు ఓరగా చూసి నవ్వేది. దుర్మార్గురాలు!

ఇప్పుడు ఆ మర ఉన్నచోట సెల్ ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. తిరగలి పైరాయి మా తమ్ముడింటి మెట్ల కింద బోర్లా పడి ఉంది, పిడి ఏమైందో ఎవరికీ తెలీదు. కమలా తొక్కలు ఎవరి చెత్తబుట్టలో వాళ్ళవే. నలుగంటే ఇప్పుడు రాజమండ్రిలో హాలు, ఫొటోలు, మొహానికి ఇంత పసుపు. రుద్దే తీరిక ఎవరికీ లేదు. నాయనమ్మ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. నేను మాత్రం మానలేదు, మిక్సీలో చేస్తాను, ఏడాదికి రెండుసార్లు.

ఆ గాజు డబ్బా పక్కన పెట్టి హారిక నా ఎడమ చెయ్యి పట్టుకుని, "ఇక్కడ మాత్రం ఇంత నున్నగా ఉందేంటి అత్తయ్యగారూ, ఏ క్రీము?" అనడిగింది. అప్పుడు చెప్పాను ఈ కథంతా. వచ్చేనెల వాళ్ళ చెల్లెలి పెళ్ళి. "మీరు చేసిస్తారా?" అంది. నిన్న చేశాను. అన్నం పడేసి, పిండి కలిపి జాకెట్టు చెయ్యి మడుచుకుంటుంటే, ఆ పిల్ల వచ్చి నా పక్కన చతికిలబడి తన ఎడమ చెయ్యి చాపింది. "నా చేతికి రాయండి. మా చెల్లెలి పెళ్ళి కదా," అంది.

రాశాను. అన్నం ఉడికేదాకా ఇద్దరం ఆ చేతినే చూస్తూ కూచున్నాం. మండలేదు. డబ్బాకెత్తి ఇస్తుంటే, "ఎవరు చేశారని అడుగుతారు, మీ పేరే చెబుతాను," అంది.

"చేసింది నేనని చెప్పు. చూసిచ్చింది నువ్వని చెప్పు," అన్నాను.