అమ్రాబాద్‌లో ఆగే బస్సు

1986 ఎండాకాలంలో నన్ను నల్లగొండ జిల్లా దక్షిణపు అంచున ఉన్న ఒక బస్సు డిపోలో కండక్టరుగా వేశారు. నాకు జతగా వచ్చిన డ్రైవర్ ఖాజామియా. వయసులో మా బాపు అంత ఉంటారు.

మా పనిలో డ్రైవర్, కండక్టర్ ఒక జట్టు. ఏ జట్టు ఏ బస్సు ఎక్కాలో చెప్పే పట్టీని చార్టు అంటారు. ఏడాదికి రెండుసార్లు అది మారేది. అప్పుడు సీనియర్ డ్రైవర్లు ముందుగా తమకు నచ్చిన బస్సు కోరుకునేవారు. డ్రైవర్ కోరిన పనివేళలే కండక్టర్‌వి కూడా.

ఎక్కువమంది నార్కట్‌పల్లి మీదుగా పోయే దూరపు బస్సులు అడిగేవారు. ఒక ట్రిప్పు దిగి వెంటనే ఇంకొకటి ఎక్కితే డబుల్ డ్యూటీ. జీతం మీద ఓటీ, అంటే అదనపు గంటల డబ్బు, వచ్చేది. ఖాజామియా మాత్రం ప్రతిసారీ అమ్రాబాద్ నైట్‌హాల్ట్ కోరుకునేవారు. ఆ బస్సు పొద్దుండగానే అమ్రాబాద్ చేరి, అక్కడే ఆగి, తెల్లవారి తిరిగి బయలుదేరేది. మధ్యలో పనేమీ లేదు. ఓటీ కూడా లేదు.

దిండి దాటి, ఘాట్ రోడ్డు ఎక్కేసరికి గాలి మారేది. ప్రయాణికులు దిగిపోయాక ఇంజన్ చల్లారుతూ సన్నగా చప్పుడు చేసేది. ఖాజామియా వెనక నిచ్చెన పట్టుకుని బస్సు పైకెక్కి, సామాను కమ్మీల మధ్య దుప్పటి పరుచుకునేవారు. నేనూ ఎక్కేవాణ్ణి. కింద ఎవరో మేకలను ఇంటికి తోలుకుపోయేవారు. ఎండ ముందు రోడ్డు మీది నుంచి, తర్వాత ఇళ్ల మీది నుంచి, చివరికి అడవి మీది నుంచి పోయేది. అది పూర్తిగా పోయేదాకా ఆయన మాట్లాడేవారు కాదు. నేను అప్పుడు నిద్రలో లేను, మెలకువగానూ లేను. ఏ సాయంత్రం ఏదో ఇప్పుడు విడదీసి చెప్పలేను. అన్నీ కలిసి ఒక్క సాయంత్రమే గుర్తుంది.

1988 చివరికి డిపో ఊళ్లో నేను కట్టుకుంటున్న ఇంటికి గోడలు లేచి ఆగిపోయాయి. ఒక వానాకాలం నా భార్య యాదమ్మ చంటిబిడ్డతో తడికల కింద గడిపింది. చార్టు మారే ముందు ఖాజామియాను అడిగాను.

“ఖాజా భాయ్, ఈసారి నార్కట్‌పల్లి బండి అడుగుదామా? వానలకు ముందే స్లాబు పడాలె. లేకుంటే యాదమ్మ నన్ను ఇంట్లకు రానియ్యదు.”

“ఇంటికి కప్పు లేదు గదరా, రానియ్యకపోతే పైనుంచి దిగు.”

నవ్వి, కాసేపు చాయ్ తాగారు.

“నా రిటైర్మెంటుకు ఇంక రెండే చార్టులున్నయ్. గిది నీది. దాని తర్వాతిది నాది. జర యాది పెట్టుకో.”

నార్కట్‌పల్లి బండి మీద ఆ ఆరు నెలలు సాయంత్రం అనేది మాకు కిటికీ బయట జరిగింది. ఒకసారి నార్కట్‌పల్లి కూడలిలో ఆయన దక్షిణం వైపు చూసి, “గిప్పుడు మన బండి గక్కడ ఆగి ఉంటది” అన్నారు. దాన్ని అప్పుడు వేరే జట్టు నడుపుతోంది.

వానలకు ముందే స్లాబు పడింది. కొత్త చార్టు నోటీసు బోర్డు మీదికి వచ్చింది. అందులో అమ్రాబాద్ నైట్‌హాల్ట్ లేదు. రాబడి చాలదని దాన్ని పగటి ట్రిప్పుగా మార్చారు. బస్సు అటు పోయి, వెంటనే తిరిగి రావాలి. నేను డిపో మేనేజర్ దగ్గరికి వెళ్లి అడిగాను. వచ్చే చార్టులో చూద్దామన్నారు. ఖాజామియాకు వచ్చే చార్టు లేదు.

ఆయన బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారు. “మనం దిగంగనే బండే బంద్ వెట్టిన్రు సూడు” అని, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు.

రిటైరయ్యాక అప్పుడప్పుడు సాయంత్రాలు మా ఇంటికి వచ్చి స్లాబు మీద దుప్పటి పరుచుకునేవారట. “సగం జాగ నాదే బిడ్డా, కిరాయి అడగకు” అనేవారని యాదమ్మ చెప్పేది. ఆ వేళకు నేను డబుల్ డ్యూటీలో ఉండేవాణ్ణి. ఆయన పోయేనాటికీ అంతే.

ఓటీ ఈ నెల పోతే వచ్చే నెల దొరుకుతుంది. సాయంత్రం ఖాళీగా ఉండే డ్యూటీ చార్టులో ఉన్నంతకాలమే ఉంటుంది. తర్వాత నేను కంట్రోలరునై, జట్లకు డ్యూటీలు వేసే కుర్చీలో కూర్చున్నాను. ఏ ఊరి నైట్‌హాల్ట్ అయినా, అడిగినవాళ్లకు అప్పుడే వేశాను. వచ్చే చార్టు దాకా ఆగమని ఎవరికీ చెప్పలేదు.