రేకు వెనక చెయ్యి

చిలకమ్మ వేలి కణుపుతో మడ్‌గార్డు మీద తట్టింది. టప్పుమంది. జానెడు అవతల తట్టింది. మళ్లీ అదే చప్పుడు. రేకు అలా పలకదు. మంచి రేకు ఖంగుమంటుంది, ఆ మోత చేతి ఎముకలోకి పాకుతుంది. ఇదేమో తడిసిన చెక్కను తట్టినట్టుంది.

నాలుగు రోజులు బోరబండలో తమ్ముడి ఇంట్లో ఉండి అప్పుడే తిరిగొచ్చింది. చంకలో సంచి ఇంకా దించలేదు. వాకిట్లో పాత పికప్ బండి నిలబడి ఉంది. ఆమె వెళ్లేటప్పుడు దాని ఎడమ మడ్‌గార్డు తుప్పు గీకిన బోడి రేకు, నిండా సొట్టలు. ఇప్పుడు ఆకుపచ్చ రంగులో అద్దంలా మెరుస్తోంది. కొడుకు విజయేందర్ మెట్ల మీద నిలబడి ఆమె ముఖమే చూస్తున్నాడు.

"ఎట్లున్నదమ్మా?"

"ఎవడు చేసిండు?"

"దుర్గేష్ కాక. విప్పుకొని సనత్‌నగర్ తీస్కపోయి చేయించి మళ్ల బిగించిన. నాయిన సంవత్సరీకానికి ఇంక పదకొండు రోజులే ఉండె గదా. చుట్టాలందరు వస్తరు. అప్పటికి బండి తయారుంటే మంచిగుంటదని..."

"కొట్టిండా, పుట్టీ పెట్టిండా?"

విజయేందర్ తాముండే అమీర్‌పేటలోనే ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెప్తాడు. రోజుకు నాలుగు బ్యాచులు. "గదంత నాకేం తెలుస్తదమ్మా. చూసెతందుకు మంచిగనే ఉన్నది గదా."

చిలకమ్మ సంచి మెట్టు మీద పడేసింది. లోపలికి వెళ్లి గీకుడు బిళ్ల తెచ్చి, కొడుకు చూస్తుండగానే మడ్‌గార్డు మధ్యలో దిగేసింది. ఆకుపచ్చ పొర లేచింది. దాని కింద బూడిద రంగు పుట్టీ పెచ్చులు పెచ్చులుగా ఊడి కాళ్ల మీద పడింది. కొన్ని చోట్ల వేలు మందం ఉంది. రేకు తగిలేదాకా ఆమె ఆగలేదు. సొట్ట పోయినేడు ఎక్కడుందో అక్కడే ఉంది.

"మీ నాయిన బండి మీదనే పుట్టీ పెట్టిచ్చినవ్," అంది.

ఆమె మొగుడు నర్సింహులు సొట్టలు తీసే డెంటరు. పంజాగుట్ట నుంచి సనత్‌నగర్ దాకా బండ్లున్నవాళ్లకు అతని పేరు తెలుసు. సొట్టను పుట్టీతో పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, పైన రంగు కొడితే సగం రోజులో పని అయిపోతుంది. సుత్తెతో కొట్టి రేకును రేకుగానే వెనక్కి తెచ్చుకోవాలంటే మూడు రోజులు. నర్సింహులు మూడు రోజుల పనే చేసేవాడు. తొందరున్నవాళ్లను, "భాయ్, పక్క షెడ్డుకు పోరాదు," అని మర్యాదగానే పంపేవాడు.

షెడ్డు మూసేశాక తన కోసం తెచ్చుకున్నది ఈ ఒక్క బండి. మాసబ్ ట్యాంక్‌లో ఒక ఆఫీసువాళ్లు పనికిరావని పాత బండ్లను వేలం వేస్తే పాడుకున్నాడు. ముందు జీపు ముఖం, వెనక సరుకులేసే తొట్టి, విజయేందర్ కన్నా పెద్ద వయసు. దాన్ని లాక్కొచ్చిన రోజు సందులోని హాస్టల్ పిల్లలు బయటికొచ్చి ఫొటోలు తీసుకున్నారు. మూడేళ్లు వాకిట్లోనే పెట్టుకుని ఇంజను, తొట్టి, తలుపులు, కుడి మడ్‌గార్డు అన్నీ చేశాడు. ఎడమ మడ్‌గార్డు మిగిలింది. తలుపు రబ్బరు తెస్తానని పంజాగుట్ట వెళ్లినవాడు ఆ దుకాణంలోనే కూలబడ్డాడు. రబ్బరు చుట్ట కవరులో అతనితో పాటే ఇంటికొచ్చింది. ఏడాదిగా వంటగది మేకుకు వేలాడుతూ ఉంది.

ఆ ఏడాదంతా చిలకమ్మకు కోపమే. దిగులు వస్తుందని అందరూ చెప్పారు, ఆమె కూడా ఎదురుచూసింది. కోపమే వచ్చింది. అదృష్టవంతుడు, కష్టపడకుండా పోయాడు అన్నవాళ్ల మీద కోపం. వారం నుంచి ఛాతీలో మంటగా ఉన్నా రబ్బరు గురించే మాట్లాడిన మొగుడి మీద కోపం. పైవాటాలో అద్దెకుండే హనుమత్ప్రసాద్ రోజూ దిగొచ్చి, "ఈ బండిని పాత ఇనుముకి వేసేస్తే వాకిలి ఖాళీ అవుతుంది కదండీ చిలకమ్మ గారూ," అన్నప్పుడల్లా కోపం. బండిని అతను చేసినట్టే పూర్తి చేయించాలి, పుట్టీ ఒక్క చెంచాడు కూడా లేకుండా. అదొక్కటే పట్టుకుని ఏడాది గడిపింది. ఇప్పుడు కన్నకొడుకే ఈ పని చేశాడు.

మర్నాడు దుర్గేష్ వచ్చాడు. ఒకప్పుడు నర్సింహులు దగ్గరే పని నేర్చినవాడు. ఇప్పుడు సొంత షెడ్డు, బంగారు ఉంగరం, కొంచెం పొట్ట. చెక్కిన మడ్‌గార్డును, నేల మీది పుట్టీ ముక్కలను చూసి ముఖం చిట్లించాడు.

"వదినె, మస్తు మంచిగ చేసిచ్చిన గదా. ఇట్ల జేసినవేంది?"

"మీ అన్న నీకు నేర్పింది గిదేనా?"

"గా పని ఇప్పుడు ఎవలు చేస్తుర్రు చెప్పు. బయట నుంచి ఒకడు కొడితె లోపట ఇంకొకడు ఇనుప దిమ్మ పట్టాలె. ఇద్దరు మనుషులు, మూడు దినాలు. నాకాడ ఎవడున్నడు?" తర్వాత సర్దిచెప్తున్నట్టు అన్నాడు: "అన్నకైతే నువ్వుంటివి. ఆయన కొడుతుంటె నువ్వు ఊకె పట్టుకొని కూసునేదానివి."

ఊకె. అంటే ఉత్తినే.

పెళ్లయిన రెండో ఏడు ఒకరోజు పనివాడు రాకపోతే, "జర పట్టు," అని నర్సింహులు ఆమె చేతిలో ఇనుప దిమ్మ పెట్టాడు. ఆ జర ఇరవై ఆరేళ్లు సాగింది. చక్రం తీసేసిన ఖాళీలో దూరి, మెడ వంచి కూర్చుని, సొట్టకు వెనక దిమ్మ ఆనించాలి. బయట నుంచి సుత్తె పడుతుంది. రెండు మెల్లగా, మూడోది గట్టిగా. దిమ్మ వెంట్రుకవాసి జరిగితే రేకు కొత్త చోట సాగుతుంది. ఎక్కడికి జరపాలో అతను చెప్పేవాడు కాదు. దెబ్బ అరచేతికి ఎలా వచ్చిందో చూసి ఆమే జరిపేది. ఆ మోతకు ఎడమ చెవి సగం పోయింది. షెడ్డు బోర్డు మీద మాత్రం ఒక్క పేరే ఉండేది.

"నేను పడత, నువ్వు కొట్టు," అంది చిలకమ్మ.

"ఇప్పుడా వదినె?"

"ఇప్పుడే."

విజయేందర్ జాకీ పెట్టి చక్రం తీశాడు. ఆమె కొంగు బిగించి లోపలికి దూరి దిమ్మ ఆనించింది. దుర్గేష్ ఉంగరం తీసి జేబులో వేసుకుని, తాను తెచ్చిన సుత్తెతో మొదలుపెట్టాడు. అన్నీ ఒకే బరువు దెబ్బలు. వాకిట్లో చెప్పులు దులుపుతున్నట్టు కొడుతున్నాడు. అతని చూపు రేకు మీద ఉంది కానీ చెయ్యి వినడం లేదు. పదో దెబ్బకు రేకు పక్కకు ఉబ్బింది.

చిలకమ్మ దిమ్మను నేలకేసి కొట్టి బయటికొచ్చింది. "నడువ్."

"వదినె..."

"సంవత్సరీకానికి అన్నం తినెతందుకు రా. పనికి రాకు."

ఆ మధ్యాహ్నం ఆమె దేవుడి అర ముందు నిలబడింది. నర్సింహులు సుత్తె అక్కడే ఉంది. దసరాకు దాన్ని కడిగి బొట్టు పెట్టడం అతని అలవాటు. సుత్తె ఒక్క చేతికే అలవాటు పడుతుందనేవాడు. పనివాళ్లనే కాదు, ఆమెను కూడా పట్టుకోనిచ్చేవాడు కాదు. మొన్న దసరాకు ఆమే కడిగి బొట్టు పెట్టి అక్కడుంచింది. ఇక అది దేవుడి పటంతో సమానమని ఆడబిడ్డ రత్నమాల చెప్పి వెళ్లింది.

ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కొట్టి చూస్తానని తానెందుకు అడగలేదో చిలకమ్మకు అర్థం కాలేదు. అడగలేదు, అతను ఇవ్వలేదు. ఇప్పుడు పోట్లాడదామంటే మనిషి లేడు. సుత్తె మీది బొట్టు కొంగుతో తుడిచేసి, దాన్ని పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"విజయేందర్, లోపట కూసో."

"నాకు రాదమ్మా. మూడింటికి క్లాసున్నది."

"ఫోను జేసి రానని చెప్పు."

అతను ఇస్త్రీ చొక్కాతోనే చక్రం ఖాళీలో దూరాడు. మొదటి దెబ్బకే ఉలిక్కిపడి దిమ్మ వదిలేశాడు. రెండోసారి వేలు నలిగింది. గోరు కింద రక్తం గడ్డకట్టింది. కోడలు దివ్యశ్రీ నీళ్లు తెచ్చి, "ఇడిసిపెట్టు అత్తమ్మా, ఆయనకు అలవాటు లేదు," అంది.

"నాకు సుత అలవాటు లేకుండె," అంది చిలకమ్మ. "పట్టురా."

రెండు మెల్లగా, మూడోది గట్టిగా. మొదటి రోజంతా ఆమె దెబ్బలు కూడా తప్పాయి. ఎటు వంపు తిరగాలో లోపలి నుంచి తెలిసినంతగా బయటి నుంచి తెలియలేదు. కొట్టడం ఆపి, కళ్లు మూసుకుని, తాను లోపల కూర్చున్నట్టు అనుకుని కొట్టింది. అప్పుడు రేకు కదిలింది. సాగిన చోట మంట చూపించి తడిగుడ్డ అద్ది బిగించింది. ప్రతి పూటా తిడుతూనే కొట్టింది. కొడుకును, దుర్గేష్‌ను, పోయినవాణ్ని. "ఒక్కనాడన్న చేతికియ్యకపోతివి," అని ఎవరినంటోందో విజయేందర్‌కు తెలుసు. ఏడో రోజుకు ఆమె చెప్పకుండానే దిమ్మ జరిగింది. చిలకమ్మ అది గమనించింది. మెచ్చుకోలేదు.

సంవత్సరీకం నాడు పొద్దున్నే పెట్టాల్సినవన్నీ పెట్టారు. తంతు జరిపించిన అయ్యగారు వెళ్లిపోయారు. చుట్టాలు వాకిట్లో కుర్చీలేసుకుని భోజనం కోసం చూస్తున్నారు. బండి అంతా ఆకుపచ్చ, ఎడమ మడ్‌గార్డు ఒక్కటే బోడి రేకు.

హనుమత్ప్రసాద్ దాన్ని చూసి, "రంగు కూడా వేయించేస్తే అయిపోయేదిగా. ఫొటోకి బాగుండేది," అన్నాడు.

"ఫొటోల మీరు నిలబడుర్రి సార్. రేకు పని ఇంక అయిపోలే."

అప్పుడే దుర్గేష్ వచ్చాడు. నేరుగా బండి దగ్గరికి వెళ్లాడు. వేలి కణుపుతో ఒక చివర నుంచి తట్టుకుంటూ వచ్చాడు. ఖంగు, ఖంగు, ఖంగు. కుర్చీల్లో ఉన్నవాళ్లు ఇటు తిరిగారు. అరచేయి ఆనించి మెల్లగా రాసి చూశాడు.

"అచ్చం అన్న చేసినట్టె ఉన్నది వదినె."

విస్తళ్లు పరుస్తున్న చిలకమ్మ లేచి నిలబడింది.

"మీ అన్న చేయలే," అంది. "ఎన్నడు సుత ఒక్కడే చేయలే. నువ్వు పక్కనుండి చూసినవ్ గదా ఇన్నేండ్లు."

దుర్గేష్ చెయ్యి రేకు మీద నుంచి తీసుకున్నాడు.

ఆమె బండి దగ్గరికి వచ్చి, అతను తట్టని చోట, హెడ్‌లైట్ కింద, తట్టింది. చెవి దగ్గరగా పెట్టి మళ్లీ తట్టింది. నడుముకు దోపుకున్న సుత్తె తీసింది.

"విజయేందర్, ఈడ ఇంక జర లోతున్నది. పోయి కూసో."

"అమ్మా, అందరు ఆకలితోని ఉన్నరు."

"ఉండనీ."

అతను కొత్త చొక్కా చేతులు పైకి మడుచుకుని, నల్లబడ్డ గోరున్న చేత్తో దిమ్మ అందుకుని లోపలికి దూరాడు.