పాటపెట్టెకు పెట్టిన పదిహేను ఆంపుల సాకెట్

సాకెట్ పెద్దదైతే కరెంటు ఎక్కువ వస్తుందని నమ్మేవాళ్లు మా హోసూరు చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. ఒక ఇంట్లో ఆ నమ్మకానికి ఊతమిచ్చింది నేనే. అందుకే ఈ సంగతి రాసిపెడుతున్నాను.

అది 1997. నేను ఐటీఐ చదవలేదు. వైరింగ్ చేతిపని మేస్త్రీ దగ్గర, దాని వెనకున్న లెక్క హోసూరు గ్రంథాలయంలో నేర్చుకున్నాను. తమిళ పుస్తకం చదివి తెలుగులో రాసుకున్న నోటుబుక్కులు నాలుగున్నాయి.

కెలమంగలం దగ్గర మునియప్ప, లక్ష్మమ్మ దంపతులు పట్టుపురుగులు పెంచేవారు. మునియప్పకు పాటలంటే ప్రాణం. ఆ ఏడు ఎండాకాలంలో బెంగళూరులో బిగించిన ఆంప్లిఫయరు ఒకటి తెచ్చుకున్నాడు. అది రెండు బల్బులంత కరెంటే తాగుతుంది గానీ, దర్జా కోసం దానికి పదిహేను ఆంపుల లావు ప్లగ్గు తగిలించారు. హాల్లో ఉన్నవేమో ఐదు ఆంపుల సాకెట్లు, లైట్లకూ ఫ్యాన్లకూ సరిపడేవి. ఆ ప్లగ్గు వాటిలో పట్టక నన్ను పిలిచారు. ప్లగ్గు మార్చేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. వాడేది ఆంప్లిఫయరే కదా అని, గోడలోని సన్న వైరును అలాగే ఉంచి పదిహేను ఆంపుల సాకెట్ పెట్టి వచ్చేశాను.

డిసెంబరులో కబురొచ్చింది, పాట నీరసంగా వస్తోందని. పొద్దున్నే వెళ్లాను. బోర్డు మీద చెయ్యి పెడితే కాలింది. నేను పెట్టిన సాకెట్‌లోంచి వైరు లాగి ఒక చెక్క పలక పెట్టారు, దాని మీద రెండు సాకెట్లు. ఒకదానికి ఆంప్లిఫయరు, రెండోదానికి పక్కనున్న పురుగుల గదిలోని రెండువేల వాట్ల హీటరు. ఫ్యూజు విప్పి చూస్తే సన్న తీగకు బదులు మునియప్ప మెలేసిన రాగి పోగులున్నాయి. తాను కాలిపోయి గోడలోని వైరును కాపాడాల్సిన ఫ్యూజు చల్లగా ఉంది, వైరు కాలుతోంది.

వెంటనే ఆపాలన్నాను. లక్ష్మమ్మ మెయిన్ స్విచ్చికి అడ్డంగా నిలబడింది.

"ఆపితే ఎట్లప్పా? నిన్ననే నాలుగో జ్వరం లేచినాయి. చలి తగిలితే ఆకు ముట్టవు. మా మూడు నెలల అన్నం ఆ తట్టల్లో ఉండాది."

పురుగు పొర విడిచే ముందు మేత మాని పడుకోవడాన్ని ఆ వైపు జ్వరం అంటారు. అది లేచాకే గూడు కట్టడానికి గట్టిగా తింటాయి.

తప్పంతా హీటరుదేనన్నాడు మునియప్ప. పాటపెట్టెదేనంది ఆమె. తీర్పు చెప్పమన్నట్టు ఇద్దరూ నా వైపు చూశారు.

"మీ ఇద్దరిదీ కాదు. వైరు మార్చకుండా ఆ సాకెట్ పెట్టినాను చూడు, ఆ తప్పు నాది."

"పెద్ద బొక్క కనబడితే పెద్ద ముల్లే కదప్పా గుచ్చేది," అని లక్ష్మమ్మ పక్కకు జరిగింది.

కరెంటు ఆపాను. ఆమె కుంపట్లు రాజేసి, పొగ పోవడానికి కిటికీ ఓరగా తెరిచింది. మునియప్ప గుమ్మానికి గోనెపట్టలు కట్టి చలిగాలి ఆపాడు. నేను నాలుగు స్క్వేర్ లావు రాగి వైరు తెచ్చి, మీటరు దగ్గర్నుంచి హీటరుకు వేరే లైను, వేరే ఫ్యూజు, ఎర్తు వేసేసరికి పొద్దు గూకింది. హాల్లో కాలిన వైరు తీసేసి కొత్తది లాగాను, ఫ్యూజులో మళ్లీ సన్న తీగే వేశాను. పెద్ద సాకెట్ తీసేసి, ఆంప్లిఫయరుకు ఐదు ఆంపుల ప్లగ్గు వేశాను.

"ఇంత పెట్టెకు ఇంతే ముల్లా? చూసినోళ్లు నవ్వరా?" అన్నాడు మునియప్ప.

"నువ్వు పాడేది విన్నోళ్లే నవ్వలేదు," అంది లక్ష్మమ్మ.

రెండు తట్టల పురుగులు పోయాయి. మిగతావి గూళ్లు కట్టాయి.

సాకెట్ మీది అంకె, తాను ఎంత మోయగలదో చెబుతుంది. వైరు సంగతి దానికి తెలియదు. కానీ ఇంట్లోవాళ్లు ఆ అంకెను మాటిచ్చినట్టే తీసుకుంటారు. ఇవాళ ఏం తగిలిస్తారని కాకుండా, రేపు ఏం తగిలించగలరని చూసి వైరు వేయాలి.

బయటికివ్వకూడని వైరింగ్ పుస్తకాన్ని ఇంటికిచ్చిన గ్రంథాలయం శారదమ్మకు, భోజనం మధ్యలో లేచి వైరు కొలిచిచ్చిన అంగడి గోవిందశెట్టికి, గూళ్లు కట్టేదాకా పాట పెట్టకుండా ఉన్న మునియప్పకు కృతజ్ఞతలు. లక్ష్మమ్మకు అందరికంటే ఎక్కువ. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా కొత్త సాకెట్ చూపించి ఆమె అడిగేది ఒకటే: "దీని వెనకాల ఏముండాదప్పా?"