ఒక్క ‘కొత్త’ చాలనుకున్నాను

2011 మార్చిలో, అమెరికాలో క్యారీ అనే ఊళ్లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నన్ను లోకలైజేషన్ టెస్టర్‌గా వేశారు. ఒక ప్రోగ్రామ్‌ని వేరే భాషలోకి మార్చినప్పుడు తెరమీద మాటలు సరిగ్గా పడ్డాయో లేదో చూడడం ఆ పని. టీమ్‌లో అందరికన్నా కింది హోదా నాది. నా పైన లీడ్ శ్రీకాంత్, వరంగల్ మనిషి. ఆయన పైన మేనేజర్ డేవిడ్. ఆ వృత్తి వదిలేశాను కాబట్టి, డైరీ చూసుకుంటూ ఇదంతా ఇప్పుడు రాయగలుగుతున్నాను.

మాకు వచ్చిన పని టాంజానియా క్లినిక్‌ల కోసం రోగుల రిజిస్టర్, స్వాహిలీలో. అనువాదకురాలు రెహెమా గారు ఆ దేశంలో చాలా ఏళ్లు పంతులమ్మగా పనిచేసి, మా పక్క ఊరు డర్హమ్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. మా కంపెనీకి ఆమె కాంట్రాక్ట్ మనిషి.

తెరమీది మాటలన్నీ ఒక షీట్‌లో, వరసకొకటి చొప్పున పంపేవాళ్లం. ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క అనువాదం. ఫైలు తిరిగి వచ్చాక టెస్టర్ మొదట చూసేది ఒకే ఇంగ్లీషు మాటకి రెండు అనువాదాలు ఉన్నాయా అని. ఉంటే అనువాదకుల్ని అడగాలి.

‘న్యూ’ అనే మాట తొమ్మిది చోట్ల ఉంది. రెహెమా గారు ఒకచోట మ్ప్యా, ఇంకోచోట వప్యా, మరోచోట విప్యా అని రాశారు. స్వాహిలీలో నామవాచకాలకి జట్లు ఉంటాయి. పక్కనున్న విశేషణం ఆ జట్టు ప్రకారం తన మొదటి అక్షరం మార్చుకుంటుంది. కొత్త రోగులు వగోంజ్వా వప్యా, కొత్త మంచాలు విటాండా విప్యా. మన ‘కొత్త’ అలా కాదు, ఎవరి పక్కన నిలబడినా కొత్తే. ఇంగ్లీషు మాటా అంతే. స్వాహిలీ సంగతి అప్పటికి నాకు తెలీదు, అందుకని నాకు అది ఆమె అజాగ్రత్తగా కనిపించింది.

ఫోన్ చేసి అడిగితే రెండు నిమిషాల పని. కానీ ఫోన్‌లో ఇంగ్లీషు మాట్లాడాలంటే నాకు నోరు పెగిలేది కాదు. తొమ్మిది చోట్లా మ్ప్యా అని పెట్టి, ఆమె ఫైలు మీదే అదే పేరుతో సేవ్ చేసి, ఇంజనీర్లకి పంపేశాను.

ఆ తర్వాత కుతూహలం కొద్దీ లైబ్రరీ నుంచి స్వాహిలీ వాచకం ఒకటి తెచ్చుకున్నాను. నాలుగో పాఠంలో నా తప్పు కనిపించింది. క్లినిక్ వాళ్లకి చూపించే డెమోకి ఇంకా వారం ఉంది.

శ్రీకాంత్ అన్నకి చెప్పాను. ఆయన తన క్యూబికల్‌లోంచి తల బయటపెట్టి అటూ ఇటూ చూశాడు.

“అరె సింధూ, బిల్డ్ ఫ్రీజ్ అయి మార్పులు బందయినంక ఇప్పుడు గెలుకుతవా? నీ హెచ్-వన్ వీసా ఎక్స్‌టెన్షన్ పేపర్లు డేవిడ్ సంతకానికి పోయినయ్. జర సప్పుడు జెయ్యకుండ ఉండు.”

“మరి డెమోలో ఎవరైనా పట్టుకుంటే అన్నా?”

“పట్టుకుంటే ట్రాన్స్‌లేటర్‌ని అడుగుతరు. నిన్నెవరు అడుగుతరు?”

వీడియో కాల్‌లో జరిగిన డెమోలో క్లినిక్ డైరెక్టర్ పట్టుకున్నాడు. చిన్నపిల్లలు కూడా ఇలా మాట్లాడరని నవ్వాడు. డేవిడ్ అదే కాల్‌లోకి రెహెమా గారిని కలిపాడు. తానలా రాయలేదనీ, తాను పంపిన ఫైలు తెరిచి చూడమనీ ఆమె అన్నారు. డేవిడ్ షీట్ తెరిచి నావైపు తిరిగి, ఇది ఆమె పంపిన ఫైలేనా అని అడిగాడు.

“యెస్,” అన్నాను.

ఆమెకి నా గొంతు వినిపించింది. తను ముప్పై ఏళ్లు పిల్లలకి దిద్దిన తప్పు అదనీ, తన చేత్తో రాసే అవకాశమే లేదనీ మెల్లగా చెప్పారు. శ్రీకాంత్ అన్న తన నోట్‌బుక్‌లో గీతలు గీస్తున్నాడు. ఆ నెలాఖరుకి ఆమె కాంట్రాక్ట్ ఆపేశారు. కారణం గడిలో ‘నాణ్యత’ అని రాశారు.

నాకు ఎక్స్‌టెన్షన్ వచ్చింది. వచ్చిన మర్నాడే డేవిడ్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. నేను ఆ రోజుదాకా ఎందుకు ఆగానో అతనికీ అర్థమైంది. నిజం చెప్పినందుకు థ్యాంక్స్ అని, ప్రాజెక్టు ఎలాగూ క్లోజ్ అయిందన్నాడు. రెహెమా గారికి ఈమెయిల్ రాశాను. మూడు వాక్యాల జవాబు వచ్చింది: మార్చింది నువ్వేనని ఆ రోజే తెలుసు. తప్పు ఎవరైనా చేస్తారు. యెస్ అనేది మాత్రం నువ్వు ఆలోచించుకుని అన్నావు.

తిరిగి వచ్చిన ఫైలుని ముందు యథాతథంగా భద్రపరచాలి. మార్పులన్నీ వేరే కాపీలో, మార్చినవాళ్ల పేరుతో ఉండాలి. ఈ నియమం తర్వాత మా టీమ్‌లో నేనే పెట్టించాను, మానేసేదాకా పాటించాను. ఫైళ్ల విషయంలో నేర్చుకున్నది అది. నా విషయంలో నేర్చుకున్నది వేరు: నోరు పెగలకపోవడం అని నేను చెప్పుకున్నది సగమే నిజం. నాకు అవసరమైన మాట ఆ రోజు ఏ తడబాటూ లేకుండా వచ్చింది.